ఫీజు లేదన్న దేశంలో 1500 యూరోలా?

ప్రశ్న: మా అమ్మాయికి స్టుట్‌గార్ట్‌లో ఎం.ఎస్. సీటు వచ్చింది. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు ఉండదని ఏజెంటు చెప్పాడు. తీరా చూస్తే సెమిస్టరుకు 1500 యూరోలు కట్టమన్నారు. ఆఖెన్‌లో చదువుతున్న మా బంధువుల అబ్బాయి ఏమీ కట్టడం లేదట. ఇందులో మోసం ఏమైనా ఉందా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మోసం లేదండీ. ఏజెంటు మీకు సగమే చెప్పాడు. జర్మనీలో ఫీజుల సంగతి తేల్చేది కేంద్రం కాదు, 16 రాష్ట్రాలు. ఫీజులను కేంద్రం నిషేధించడం చెల్లదని 2005లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తర్వాత కొన్ని రాష్ట్రాలు సెమిస్టరుకు 500 యూరోల దాకా వసూలు మొదలుపెట్టాయి.

2013 జనవరిలో నేను మ్యూనిక్‌లో చదువుతున్నాను. ఫీజు రద్దు కోరుతూ, మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో ప్రజాభ్యర్థన, అంటే చట్టం మార్చమని ప్రజలు సంతకాలతో కోరే ప్రక్రియ, నడిచింది. ఓటర్లలో పదో వంతు మంది రెండు వారాల్లో స్వయంగా పురపాలక కార్యాలయాలకు వెళ్లి సంతకం పెట్టాలి. ఆ చలిలో, చదువుకునే పిల్లలెవరూ ఇంట్లో లేని ముసలివాళ్లు కూడా వరుసలో నిలబడటం చూశాను. విదేశీయురాలిని కాబట్టి నాకు సంతకం హక్కు లేదు. అయినా నా ఫీజు కోసం కూడా వాళ్లు నిలబడ్డారని కళ్లు చెమర్చాయి. 14 శాతానికి పైగా సంతకాలు వచ్చాయి. ఆ ఏడాదే శాసనసభ ఫీజు ఎత్తేసింది. చివరగా 2014లో లోయర్ శాక్సనీ రాష్ట్రం కూడా రద్దు చేసింది.

మీ అమ్మాయి వెళ్లే స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం 2017 శీతకాలపు సెమిస్టరు నుంచి ఐరోపా సమాఖ్యకు బయటి విద్యార్థులకు ఈ 1500 పెట్టింది. అందులో విశ్వవిద్యాలయానికి దక్కేది 300 యూరోలే, మిగతాది రాష్ట్ర ఖజానాకు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది: ఖజానా లోటును ఓటు లేని పిల్లల చేత పూడ్పిస్తున్నారు. ఆఖెన్ ఉన్న నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో ఈ ఫీజు లేదు. ఇక బవేరియా కొత్త చట్టంతో అలాంటి ఫీజుకు మళ్లీ దారి తెరిచింది. 2024 నుంచి మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కొత్తగా చేరే మనవాళ్ల దగ్గర సెమిస్టరుకు 2000 నుంచి 6000 యూరోలు తీసుకుంటోంది. ఆ వరుసల్లో నిలబడినవాళ్లను తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

మీరు సీటు వదులుకోకండి. నాలుగు సెమిస్టర్లకు 6000 యూరోలు లెక్కలో వేసుకోండి. వీసా కోసం ముందుగా బ్లాక్డ్ అకౌంటులో (నెలకు ఇంతే తీసుకోనిచ్చే ఖాతాలో) వేసే డబ్బు అమ్మాయి తిండికీ అద్దెకూ. దాన్ని ఫీజుతో కలిపి చూడవద్దు. విద్యార్థి సేవల కోసం ప్రతి సెమిస్టరుకూ అందరూ కట్టే చిన్న చందా వేరు, అది ఆఖెన్ అబ్బాయి కూడా కడుతున్నాడు. అమ్మాయి తర్వాత అక్కడే పీహెచ్‌డీలో చేరితే ఈ 1500 ఉండదు.