కౌంటు పెరిగిందా, జబ్బు తగ్గిందా?

అమ్మలూ,

ల్యుకేమియా (రక్త క్యాన్సర్) వార్డులో డ్యూటీ పడిందని, తెల్ల కణాల్ని పెంచే జీసీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్ ఎవరికి ఎప్పుడివ్వాలో తేలక తల పట్టుకున్నానని రాశావు. నేనూ ఆ వార్డులో తల పట్టుకున్నవాణ్ణే.

కీమో అయ్యాక న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల కణాలు, మైక్రోలీటరు రక్తంలో 500 దిగువన ఉన్నన్నాళ్లూ చిన్న ఇన్ఫెక్షనైనా ప్రాణం మీదికి తెస్తుంది. ఈ ఇంజెక్షన్ ఆ గండం రోజుల్లో కొన్నిటిని తగ్గిస్తుంది, అంతే. ఏఎంఎల్ అనే వేగంగా ముదిరే ల్యుకేమియాలో దీనివల్ల ఆయుష్షు పెరిగినట్టు ట్రయల్స్‌లో తేలలేదు. ఇంటివాళ్లకి ఈ మాట ముందే చెప్పు. లేకపోతే కౌంటు లేచిన రోజు జబ్బే పోయిందనుకుంటారు.

బ్లాస్టుల (జబ్బు కణాల) మీదా ఈ మందు అతుక్కునే రిసెప్టర్లుంటాయి కదా, పాముకి పాలు పోసినట్టు కాదా అని అడిగావు. మాకూ ఆ భయం ఉండేది. కీమో తర్వాత ఇస్తే జబ్బు తిరగబెట్టడం ఎక్కువైనట్టు కనబడలేదు. పైగా ఫ్లాగ్ అనే కీమో పద్ధతిలో కావాలనే ముందుగా ఇస్తాం, నిద్రపోతున్న బ్లాస్టుల్ని లేపితే అందులోని సైటరాబిన్ అనే కీమో మందుకి దొరుకుతాయని. మామూలుగా మాత్రం కీమో చివరి డోసు పడి 24 గంటలు దాటాకే మొదలుపెట్టు. ముందే ఇస్తే కొత్తగా విభజన మొదలెట్టిన మంచి కణాలు కూడా కీమోకి బలవుతాయి. ఏపీఎల్ అనే రకం ల్యుకేమియాకి మొదటి విడత చికిత్స (ఇండక్షన్) జరిగేటప్పుడు ఈ ఇంజెక్షన్ జోలికే పోకు.

ఒకసారి మారో (ఎముక మజ్జ) స్లైడ్ నిండా ప్రోమైలోసైట్లు, అంటే ఇంకా ఎదగని తెల్ల కణాలు, కనిపించాయి. ఊదా కలిసిన ఎరుపు రంగు కణికలతో కిక్కిరిసి ఉన్నాయి. రెమిషన్ రాలేదని, అంటే జబ్బు అణగలేదని, రాయడానికి పెన్ను తీశాను. పక్క మైక్రోస్కోపు దగ్గరున్న సీనియర్ తలెత్తకుండానే "ఇంజెక్షన్ ఎప్పుడాపారు?" అన్నారు. ముందురోజే ఆపాం! ఆ కణాలు జబ్బువి కావు, ఇంజెక్షన్ పుట్టించినవి. వారం ఆగి మళ్లీ తీస్తే మారో శుభ్రంగా ఉంది. తొందరపడి ఉంటే ఆ మనిషికి అక్కర్లేని కీమో ఇంకో విడత పడేది. అప్పట్నించీ మారో ఫారం మీద చివరి ఇంజెక్షన్ తేదీ లేకపోతే నేను సంతకం పెట్టను.

నడుము, తుంటి ఎముకలు పీకుతాయంటారు, అది మామూలే. పారాసెటమాల్ ఇచ్చేముందు జ్వరం చూడు, మాత్ర దాన్ని కప్పేస్తుంది. జ్వరముంటే కౌంటు లేచేదాకా కూర్చోకు, గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. ఎడమ డొక్కలో నొప్పంటే స్ప్లీన్ (ప్లీహం) చూడు. సిరంజి ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే తీసి పెట్టించు, చల్లగా గుచ్చితే మంట.

ఎల్లుండి మారో తీయబోతున్నామన్నావే, ఆ పెద్దాయన చార్టు ఇవాళే తీసి చూడు. చివరి ఇంజెక్షన్ ఎప్పుడిచ్చారో నీ ఉత్తరంలో లేదు.

పెదనాన్న