టెక్ సందేహాలు: బావ చెప్పిన షేరు, బీరువాలో దొరికిన పామ్

సందేహం: చేత్తో పట్టుకుని ఆడుకునే గేమింగ్ కంప్యూటర్లు తయారుచేసే ఓ విదేశీ కంపెనీ త్వరలో ఫోన్లు కూడా తెస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఇప్పుడే షేర్లు కొనెయ్యమని మా బావ ఒకటే పోరు. ఏమంటారు?
– ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: షేర్ల సలహా నా పని కాదు. మీ బావగారితో గొడవైతే నా పేరు చెప్పకండి. కానీ ఇదే ఆశతో జనం ఇదివరకు ఓసారి ఎగబడ్డారు, అది చెబుతాను.

1996లో పైలట్ అనే చిన్న కంప్యూటర్ వచ్చింది. పామ్ అనే అమెరికా కంపెనీది. చొక్కా జేబులో పట్టేది. ఫోన్ నంబర్లు, డైరీ, చేయాల్సిన పనులు అందులో రాసుకునేవాళ్లం. స్టైలస్ అనే పుల్లలాంటి పెన్నుతో తెర మీద ఇంగ్లిష్ 'ఎ' రాయాలంటే మధ్య గీత లేకుండా ఇంటికప్పులా గీస్తే చాలు. కొన్నాళ్లకు కాగితం మీద కూడా నాకు ఆ గీత పడేది కాదు!

2000 మార్చి 2న పామ్ షేరు మార్కెట్‌కొచ్చింది. నోకియా, మోటరోలా కూడా అందులో డబ్బు పెట్టాయి. ఇక ఫోనూ, జేబు కంప్యూటరూ ఒకటైపోతాయి, లాభమంతా పామ్‌దే అనుకున్నారు. 38 డాలర్లకు ఇచ్చిన షేరు ఆ రోజే 165 దాకా ఎగిరి, 95 దగ్గర ఆగింది. విచిత్రం ఏమిటంటే, పామ్‌లో 95 శాతం వాటా ఉన్న మాతృసంస్థ త్రీకామ్ షేరు ఆ రోజు 82 డాలర్ల లోపే. త్రీకామ్ ఆ వాటాను తన వాటాదారులకు పంచేస్తానంది కాబట్టి, ఒక్క త్రీకామ్ షేరు చేతిలో ఉంటే ముందు ముందు పామ్ షేర్లు దాదాపు ఒకటిన్నర రావాలి. మన ఫిషింగ్ హార్బర్‌లో ఒక వంజరం 95 రూపాయలు, ఒకటిన్నర వంజరాలున్న గంప 82 రూపాయలు అన్నట్టు!

అంచనా తప్పని కాదు. ఫోనూ కంప్యూటరూ నిజంగానే ఒకటయ్యాయి. పామ్‌ను మొదలుపెట్టిన జెఫ్ హాకిన్స్ వాళ్లే బయటికొచ్చి హ్యాండ్‌స్ప్రింగ్ పెట్టి, 2002లో ట్రియో ఫోన్ తెచ్చారు. మరుసటేడు పామ్ ఆ కంపెనీని కొనేసింది. కానీ షేరు 2001లోనే పది డాలర్ల లోపుకి జారిపోయింది. 2007లో ఐఫోన్ వచ్చింది. తొలిరోజు సుమారు 5,300 కోట్ల డాలర్లు పలికిన కంపెనీని 2010లో హెచ్‌పీ 120 కోట్ల డాలర్లకు తీసుకుంది, మరుసటేడే ఫోన్లు ఆపేసింది. మీ ఇంట్లో ఎల్‌జీ స్మార్ట్ టీవీ ఉంటే, పామ్ చేసిన వెబ్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వారసత్వం ఇప్పుడు అందులో ఉంది.

ఇక మీరడిగిన కంపెనీ సంగతి. గేమింగ్ డబ్బాకు ఇంట్లో వైఫై దొరికితే చాలు, చార్జింగ్ అయిపోతే ప్లగ్ పెట్టుకుంటాం. ఫోన్ సంగతి వేరు. జగదాంబ దగ్గర బస్సెక్కి భీమిలి దాకా మాట్లాడుతూ వెళ్తే, ఎన్ని టవర్లు మారినా మాట తెగకూడదు, సాయంత్రం దాకా చార్జింగ్ ఉండాలి. అందులో మోడెమ్ (టవర్‌తో మాట్లాడే చిప్) ఎవరిది, ఏ నెట్‌వర్క్‌లో పరీక్షించారు, పాడైతే విశాఖలో ఎక్కడ బాగుచేస్తారు? మీ బావగారిని ముందు ఈ మూడూ అడగండి.

సందేహం: మా నాన్నగారి పాత పామ్ బీరువాలో దొరికింది. కొత్త బ్యాటరీలు వేస్తే ఆన్ అయింది కానీ లోపల ఏమీ లేదు. ఆయన రాసుకున్నవి తిరిగొస్తాయా?
– ఓ పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: ఆ మెషిన్‌లోంచి రావమ్మా. అప్పటి పామ్‌లు మీరు రాసుకున్నదంతా ర్యామ్‌లో, అంటే కరెంటు అందుతున్నంతసేపే గుర్తుంచుకునే మెమరీలో దాచేవి. బ్యాటరీలు తీసి నిమిషంలోపు కొత్తవి వెయ్యకపోతే అంతా పోయేది. కానీ ఆయన దాన్ని కంప్యూటర్‌కి తగిలించి హాట్‌సింక్ (అందులోని సమాచారాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేయడం) చేసేవారా? అయితే ఆ పాత కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌లో పామ్ అనే ఫోల్డర్, దాని లోపల ఆయన పేరుతో మరో ఫోల్డర్ ఉండొచ్చు. ఫార్మాట్ మాత్రం చేయించకండి. పాత డిస్క్‌ను యూఎస్‌బీకి తగిలించే అడాప్టర్ కంప్యూటర్ షాపుల్లో అడగండి. ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకున్నాకే తెరిచి చూడండి.

ఈలోగా మీరు వేసిన బ్యాటరీలు తీసెయ్యండి. వాటిని లోపలే మర్చిపోతే కారిపోతాయి. మన ఊరి ఉప్పుగాలికి స్ప్రింగులు ఇప్పటికే పచ్చబడి ఉంటాయి.