ఫ్లాట్లలో చెక్కపనికి ఎలాంటి డస్ట్ ఎక్స్‌ట్రాక్టర్ కొనాలి?

గుంటూరులో అపార్ట్‌మెంట్లకి వెళ్ళి వార్డ్‌రోబ్‌లు, కిచెన్ పనులు చేస్తున్నాను, మామూలు వెట్ అండ్ డ్రై వాక్యూమ్ సరిపోతుందా, డస్ట్ ఎక్స్‌ట్రాక్టరే కొనాలా అని అడిగారు కదా. నాది విజయవాడ పటమట, మీరు చేసే పనే నాదీ. రెండూ కొని వాడాను కాబట్టి చెబుతున్నాను, మనుషులు కాపురం ఉంటున్న ఇంట్లో ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన బోర్డు), ప్లైవుడ్ కోసేటట్టయితే డస్ట్ ఎక్స్‌ట్రాక్టరే, అంటే పనిముట్టుకి తగిలించి సన్నపొడిని కూడా పట్టే మెషినే, అందులోనూ ఎమ్ క్లాస్ది తీసుకోండి.

మొదట నేను వాట్లు చూసి 20 లీటర్ల వాక్యూమ్ కొన్నాను. భవానీపురంలో ఒక ఫ్లాట్లో ఎమ్‌డీఎఫ్ షట్టర్లకి (అల్మారా తలుపులకి) రౌటర్, అంటే గాడులు, అంచులు తీసే మెషిన్ పెడుతుంటే కింద పడ్డ చెక్కపొట్టు అంతా బాగానే లాగింది, సైట్ ఇంత నీట్‌గా ఎప్పుడూ లేదనుకున్నాం. మర్నాడు వెళ్ళేసరికి పక్క గదిలో మంచం మీద, దేవుడి పటాల మీద కూడా సన్నటి పొడి పేరుకుని ఉంది. లోపలికి లాగిన పొడిలో సన్నది ఫిల్టర్ దాటేసి వెనక గాలితో పాటు ఇల్లంతా తిరిగింది. ఆ ఇంట్లో పెద్దావిడకి ఆయాసం, పాపం రెండు రోజులు కూతురింటికి వెళ్ళి ఉండాల్సి వచ్చింది. గాలిలో ఉన్నప్పుడు ఆ పొడి కంటికి కనపడదు, అదే ఊపిరితిత్తుల్లోకి పోయేది.

మెషిన్ మీద ఎల్, ఎమ్, హెచ్ అని క్లాస్ రాసి ఉంటుంది. లాగిన పొడిలో ఎల్ 1 శాతం వరకు బయటికి వదలొచ్చు, ఎమ్ 0.1 శాతం, హెచ్ 0.005 శాతం. మన చెక్కపొడికి ఎమ్ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్కపొడి మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని తేల్చి చెప్పింది, మన దగ్గర కుర్రాళ్ళేమో ఇప్పటికీ మూతికి తువ్వాలు చుట్టుకుని శాండింగ్ చేస్తున్నారు. ఎమ్ క్లాస్‌లో ఇంకో మంచి విషయం, పైపులో గాలి వేగం సెకనుకు 20 మీటర్ల కంటే తగ్గితే అలారం మోగుతుంది, అంటే ఫిల్టర్ మూసుకుపోయిందనో బ్యాగ్ నిండిందనో అర్థం.

ఫిల్టర్‌ని తనే దులుపుకునే సదుపాయం ఉన్నది చూడండి. గోడకి పుట్టీ శాండింగ్ కూడా చేస్తే అది లేకుండా పావుగంట నడవదు, నా పాత వాక్యూమ్ మోటారు అలాగే వేడెక్కి కాలిపోయింది. లోపల బ్యాగ్ తప్పకుండా వెయ్యండి, ఖర్చని మానేస్తే డ్రమ్ము ఖాళీ చేసేటప్పుడు ఆ పొడంతా మళ్ళీ మీ ముక్కులోకే వస్తుంది. చిత్రిక పట్టే ప్లేనర్ పొట్టుకి మాత్రం బ్యాగ్ ఊరికే నిండిపోతుంది, మధ్యలో ఒక సైక్లోన్ బకెట్ (గాలిని సుడి తిప్పి పొట్టుని కిందకి పడేసేది) పెట్టుకుంటే ఎక్కువ శాతం పొట్టు అందులోనే పడుతుంది. పైపు యాంటీస్టాటిక్ (రాపిడికి పుట్టే కరెంటు పేరుకోని రకం) అయితే మంచిది, మామూలు ప్లాస్టిక్ పైపు ముట్టుకుంటే చిన్నగా షాక్ కొడుతుంది.

కరెంటు సంగతి చాలామంది చూసుకోరు. ఎక్స్‌ట్రాక్టర్ మీదే సాకెట్ ఉంటే, రౌటర్ ప్లగ్గు అందులో పెట్టి రౌటర్ ఆన్ చేయగానే ఎక్స్‌ట్రాక్టరూ ఆన్ అవుతుంది, చాలా హాయి. కానీ 1400 వాట్ల కటింగ్ మెషిన్, 1200 వాట్ల ఎక్స్‌ట్రాక్టర్ కలిస్తే 11 ఆంపియర్లు దాటుతుంది, బెడ్‌రూమ్‌లో 6 ఆంపియర్ల ప్లగ్గు తట్టుకోదు. ఏసీకో గీజర్‌కో ఇచ్చిన 16 ఆంపియర్ల పాయింట్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో బోర్డు లాక్కోండి, ఎక్స్‌ట్రాక్టర్ మీది సాకెట్ ఎన్ని వాట్ల వరకు పనికొస్తుందో కూడా మెషిన్ మీద చూసుకోండి.

బరువు 12 నుంచి 15 కేజీలు ఉంటుంది, లిఫ్ట్ లేని పాత అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తుకి ఇద్దరు పట్టాల్సిందే. కొనడానికి వెళ్ళేటప్పుడు మీ రౌటర్, శాండర్ బండి మీద పెట్టుకుని తీసుకెళ్ళి, పైపు వాటికి పడుతుందో లేదో షాపులోనే బిగించి చూడండి, బ్యాగులు ఎప్పుడూ స్టాక్ ఉంటాయో లేదో కూడా అక్కడే అడగండి. నాకు అడాప్టర్ దొరక్క సైకిల్ ట్యూబు ముక్క చుట్టి నెల రోజులు నెట్టుకొచ్చాను, సగం పొడి ఆ సందులోంచే పోయేది.