పాత ఫైల్ ఆనవాళ్లు: ముందు ఆ బాక్సు సంగతి చూద్దాం

స్నేహితుడి మైక్రోసాఫ్ట్ యాక్సెస్ (డేటాబేస్ ప్రోగ్రామ్) ఫైల్ కాపీ తీసుకుని లైబ్రరీ ప్రాజెక్టు మొదలుపెట్టారు. టేబుళ్లు మార్చాక ఫామ్ తెరిస్తే "ఎంటర్ పరామీటర్ వాల్యూ" అని అడుగుతోంది, ఫైల్ ప్రాపర్టీస్‌లో అతని పేరే ఉంది, ఈ ఆనవాళ్లన్నీ ఎలా తీసేయాలని అడుగుతున్నారు. అంతే కదా?

ఆ బాక్సులో ఏ పదం ఉందో చూడండి. చాలావరకు అది మీరు తీసేసిన ఫీల్డ్ పేరే అయి ఉంటుంది. డిజైన్ వ్యూలో ఫామ్ రికార్డ్ సోర్స్ (ఫామ్‌కు డేటా ఇచ్చే టేబుల్ లేదా క్వెరీ), ఆ క్వెరీలోని క్రైటీరియా (షరతులు) వెతకండి. రిపోర్టులోనూ అదే అడిగితే సార్టింగ్, గ్రూపింగ్ చూడండి, అక్కడ దాక్కుంటే ఓ పట్టాన దొరకదు. ఆటోనంబర్ (యాక్సెస్ తనే వేసే వరుస నంబర్) ఏ 58 నుంచో మొదలవుతుంటే టేబుల్ ఖాళీ చేసి కాంపాక్ట్ అండ్ రిపేర్ నొక్కండి.

పేరు చెరిపేయడం మాత్రం నేను చెప్పను. అది పోయినా పని మీదైపోదు. "ఈ టేబుల్ విడిగా ఎందుకు?" అని టీచరు ఒక్క ప్రశ్న వేస్తే దొరికిపోతారు.

ఖాళీ డేటాబేస్‌తో మొదలుపెట్టండి, పెద్ద పనేం కాదు. పుస్తకాలు, సభ్యులు, ఇచ్చిన పుస్తకాలు: మూడు టేబుళ్లు. ఒకే పుస్తకం వేర్వేరు రోజుల్లో వేర్వేరు సభ్యులకు వెళ్తుంది కాబట్టి మూడోది తప్పదు. అందులో పుస్తకం ఐడీ, సభ్యుడి ఐడీ, ఇచ్చిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ ఉంటే చాలు. తిరిగి వచ్చిన తేదీ ఖాళీగా ఉందంటే పుస్తకం ఇంకా బయటే ఉన్నట్టు. మీ మొదటి క్వెరీ దానిమీదే రాయండి.

అతని ఫామ్ ఏదైనా ఉంచుకోవాలనుకుంటే ముందు టీచర్‌ని అడిగి, ప్రాజెక్టు రిపోర్టులో అతని పేరు రాయండి.