రేసుల నుంచి రిటైరైన గ్రేహౌండ్‌ని ఇంట్లో పెంచుకోవచ్చా?

పెంచుకోవచ్చండి, నిశ్చింతగా పెంచుకోవచ్చు. మెల్‌బోర్న్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నామని, ఏడేళ్ల పాప ఉందని, త్వరలో మీ అత్తగారు వస్తున్నారని, ఆవిడకి కుక్కలంటే భయమని రాశారు. రేసు కుక్క కదా, రోజూ ఎంతసేపు పరిగెత్తించాలి అన్నది మీ పెద్ద సందేహం. మేమూ ఈ ఊళ్ళోనే ఉంటాం. మా ఇంట్లో డాలీ అని నల్ల ఆడ గ్రేహౌండ్ ఉంది, రేసులు మానేశాక మా దగ్గరికి వచ్చింది. నేను చూసినంతలో పరుగు అసలు సమస్యే కాదు. ఆ కుక్కకి ఇల్లు అంటే ఏమిటో తెలియదు. మీ ఓపికంతా అక్కడ కావాలి.

గంటకి 70 కిలోమీటర్ల వేగం అందుకోగలదన్న మాట నిజమే. కానీ ఇక్కడి శాండౌన్ పార్క్ అనే కుక్కల రేసు ట్రాక్‌లో 515 మీటర్ల రేసు అర నిమిషంలో అయిపోతుంది. ఒక్క ఉరుకు ఉరికి, తర్వాత పడుకునే జాతి ఇది. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడిపిస్తే డాలీకి సరిపోతుంది. మిగతా టైమంతా సోఫా మీద వెల్లకిలా పడి నాలుగు కాళ్ళూ గాల్లోకి లేపి నిద్రపోతుంది. పెద్ద పెరడు లేదని వెనక్కి తగ్గకండి. ఇంటికి కాపలా కాస్తుందని మాత్రం తెచ్చుకోకండి, దొంగ వచ్చినా తోక ఊపుతూ ఎదురెళ్తుంది.

ఇక ఇంటి సంగతి. ఇవి పుట్టినప్పటి నుంచి కెన్నెల్‌లో, అంటే కుక్కల్ని ఉంచే షెడ్డులో, సాటి కుక్కల మధ్య, గడియారం ప్రకారం పెరుగుతాయి. మెట్లు, అద్దం తలుపులు, నున్నటి టైల్స్, టీవీ, అన్నీ వాటికి కొత్తే. డాలీ వచ్చిన కొత్తలో మెట్ల ముందు కొయ్యబారిపోయింది. నేను ముందు కాళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని పై మెట్టు మీద పెడుతుంటే, మా ఆయన వెనక కాళ్ళు జరిపేవారు. ఎక్కడం తొందరగానే వచ్చింది. దిగడమే కష్టమైంది, పైన నిలబడి వణికేది. పెరట్లోకి వెళ్ళే అద్దం తలుపుకి ముక్కు గుద్దుకున్నాక, దాని కంటి ఎత్తులో రంగు టేపు అంటించాం. టైల్స్ మీద కాళ్ళు నాలుగు వైపులా జారిపోతుంటే పాత యోగా మ్యాట్లు వరసగా పరిచాం. మిక్సీ తిప్పితే బాత్రూంలోకి పారిపోయేది. అందుకని పచ్చడి రుబ్బే ముందు దాన్ని దూరపు గదిలో ఉంచి, రోజురోజుకీ కొంచెం కొంచెం దగ్గరికి రానిచ్చాను. ఇప్పుడు కుక్కర్ కూత పెట్టినా చెవి కదపదు.

ఒంటరిగా ఉండటం కూడా వాటికి అలవాటుండదు. మీరిద్దరూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళయితే మొదట్లో కొన్నాళ్ళు ఒకరు సెలవు పెట్టండి. చెత్త డబ్బా బయట పెట్టి రావడం, పక్క వీధి షాపుకి వెళ్ళి రావడం, ఇలా కొద్దికొద్దిగా వదిలి చూడండి. తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే బయటికి తీసుకెళ్తే లోపల తడపడం మానేస్తుంది.

పాప ఉంది కాబట్టి ఒక్క విషయం గట్టిగా చెప్తాను. పడుకున్న కుక్కని ముట్టుకోకూడదు. వీటిలో కొన్ని కళ్ళు తెరుచుకునే నిద్రపోతాయి, పిల్లలకి అది తెలియదు. కెన్నెల్‌లో దాని పక్కలోకి ఎవరూ రారు కాబట్టి, నిద్రలో మీద చెయ్యి పడితే ఉలిక్కిపడి గుర్రుమంటుంది, ఒక్కోసారి పళ్ళు కూడా తగులుతాయి. అది కోపం కాదు, కంగారు. దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి, అది తల ఎత్తి చూశాకే దగ్గరికి వెళ్ళాలి. దాని పరుపు ఎవరూ అటూ ఇటూ తిరగని మూల వెయ్యండి.

అత్తగారి గురించి కంగారు పడకండి. మా అమ్మ తెనాలి నుంచి వస్తుందంటే నాకూ ఇదే టెన్షన్. కానీ గ్రేహౌండ్‌లు మొరగడం చాలా తక్కువ, డాలీ మనుషుల మీదికి ఎగరదు కూడా. పక్కన వచ్చి నిలబడి ఒళ్ళంతా మన కాలికి ఆనించేస్తుంది, అంతే. అమ్మ కూరలు తరుగుతుంటే అలాగే వచ్చి ఆనుకునేది. మొదట్లో "దీన్ని అవతలికి తీసెయ్యవే" అని కేకలేసిన మనిషి, పోను పోను "కాస్త జరుగమ్మా, మోకాలు నొప్పిగా ఉంది" అని దానికే చెప్పుకునేది. పూజ గది గుమ్మానికి పిల్లల గేటు ఒకటి బిగించాం, ఆ గొడవా తీరింది. అమ్మకి నేను మరీ మరీ చెప్పాల్సి వచ్చింది తిండి గురించే: ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన పప్పు, పులుసు పెట్టకూడదు. ఎండు ద్రాక్ష వేసిన పాయసం అసలే వద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి.

బయట తిప్పేటప్పుడు మాత్రం ఏమరుపాటు పనికిరాదు. కదిలేదాన్ని తరమడం వీటి రక్తంలోనే ఉంది. పిల్లుల్ని, కుందేళ్ళని, చిన్న కుక్కల్ని చూస్తే ఎలా ఉంటుందో దత్తతిచ్చే సంస్థ పరీక్షించి చెప్తుంది, ఆ ప్రశ్న తప్పక అడగండి. మన మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2019 జనవరి 1 నుంచి పెంపుడు గ్రేహౌండ్‌కి మూతి చిక్కం తప్పనిసరి కాదు, కానీ బయట ఎక్కడైనా తాడు ఉండాల్సిందే. మెడ కంటే తల సన్నం కాబట్టి మామూలు పట్టీ ఇట్టే ఊడొస్తుంది. వెడల్పుగా ఉండి, లాగితే కాస్త బిగుసుకునే మార్టింగేల్ కాలర్ అనే పట్టీ కొనండి.

డాక్టర్ని ఎంచుకునేటప్పుడు గ్రేహౌండ్‌లు చూసిన అనుభవం ఉందా అని అడగండి. వీటి థైరాయిడ్ హార్మోన్ మిగతా కుక్కల కంటే సహజంగానే తక్కువ, ఎర్ర రక్తకణాలు ఎక్కువ. ఇది తెలియని చోట అనవసరంగా థైరాయిడ్ మాత్రలు మొదలుపెట్టేస్తారు, మాకు ఆ అనుభవమైంది. కొన్ని రకాల మత్తుమందులు వీటి ఒంట్లోంచి మెల్లగా బయటికి పోతాయి కాబట్టి ఆపరేషన్‌కి ముందు ఆ మాటా చెప్పాలి. పళ్ళు చాలావాటికి పాడయ్యే ఉంటాయి, క్లీనింగ్ ఖర్చు ముందే లెక్కేసుకోండి. చర్మం పల్చన, ఒంట్లో కొవ్వు తక్కువ. ఇక్కడ చలికాలమైన జూలైలో స్వెట్టర్ వేస్తే గానీ డాలీ గడప దాటదు.

ఇంటి ఓనర్ ఒప్పుకుంటారా అనీ అడిగారు. 2020 మార్చి నుంచి ఇక్కడ అద్దెకున్నవాళ్ళు ఫారం నింపి అడిగితే, సరైన కారణం లేకుండా కాదనడానికి లేదు. కాదనాలంటే ఓనరే 14 రోజుల్లో అద్దె తగాదాలు తీర్చే వీక్యాట్ (VCAT) అనే ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి.

నేనింత గట్టిగా తెచ్చుకోమనడానికి కారణం ఉంది. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ ఛానల్ ఏబీసీ బయటపెట్టిన దృశ్యాలతో ఈ రేసుల్లోని క్రూరత్వం దేశమంతా చూసింది. కాన్‌బెర్రా ప్రాంతంలో 2018లో రేసులు నిషేధించారు, న్యూజిలాండ్ కూడా ఆపేస్తామని 2024 డిసెంబరులో ప్రకటించింది. విక్టోరియాలో ఇంకా నడుస్తూనే ఉన్నాయి. నాలుగైదేళ్ళకే, కొన్నిసార్లు అంతకంటే ముందే, పనికిరావని పక్కన పెట్టే కుక్కలు ఇవి. ఇంకా ఏడెనిమిదేళ్ళ ఆయుష్షు మిగిలి ఉంటుంది, అది ఎవరో ఒకరి ఇంట్లో గడవాలి కదా.

ఇండియా ప్రయాణం గురించి కూడా ముందే ఆలోచించుకోండి. డిసెంబరు, జనవరిలో కుక్కల్ని ఉంచుకునే కెన్నెల్స్ నిండిపోతాయి, పైగా తిరిగి కెన్నెల్‌లో పెడితే కొన్ని బాగా బెంగపడతాయి. మేమైతే గ్రేహౌండ్ ఉన్న మరో కుటుంబంతో ఒప్పందం చేసుకున్నాం. మేం వెళ్తే డాలీ వాళ్ళింట్లో, వాళ్ళు వెళ్తే వాళ్ళ కుక్క మా ఇంట్లో. అప్పటికీ ధైర్యం చాలకపోతే, కొన్ని సంస్థలు దత్తతకి ముందు కొన్ని వారాలు మీ ఇంట్లో ఉంచుకోనిస్తాయి. అత్తగారు వచ్చి కాస్త కుదురుకున్నాక అలా ఒకదాన్ని తెచ్చి చూడండి.