కొసరు ముద్దల బరువు

పిల్లల ఆహారం, ఎదుగుదల: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా బాబుకి మూడున్నరేళ్లు. ఎత్తు 100 సెంటీమీటర్లు, బరువు 19 కిలోలు. చిక్కటి పాలలో రెండు చెంచాల చక్కెర, రెండు చెంచాల చాక్లెట్ పొడి కలిపి రోజుకు మూడు గ్లాసులు తాగుతాడు. అన్నం మాత్రం ఫోన్ పెడితేనే తింటాడు. పగలంతా మా అత్తమ్మే చూసుకుంటారు. ‘బొద్దుగా ఉంటే ఏమైంది, ఎదిగితే అదే తగ్గుతుంది’ అంటారు. డైటింగ్ చేయించాలా?
– ఒక తల్లి, మియాపూర్

జవాబు: డైటింగ్ వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం 100 సెంటీమీటర్ల ఎత్తున్న బాబు సగటు బరువు పదిహేనున్నర కిలోలు. 18 దాటితే అధిక బరువు, 20 దాకా వస్తే ఊబకాయం. మీవాడు మధ్యలో ఉన్నాడు. ఈ వయసులో బరువు తగ్గించక్కర్లేదు, పెరగకుండా ఆపితే చాలు. ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లు ఎలాగూ ఎదుగుతాడు. అప్పటికీ 19 దగ్గరే ఉంటే లెక్క సరిపోతుంది. ఆ మేరకు అత్తమ్మ గారి మాట నిజమే. కాకపోతే ఇప్పుడున్న పద్ధతిలో బరువు అక్కడ ఆగదు.

ఎందుకంటే లోపం పాల గ్లాసులో ఉంది. 200 మిల్లీలీటర్ల చిక్కటి పాలు, చక్కెర, పొడి కలిస్తే గ్లాసుకు 280 కేలరీల పైనే. మూడు గ్లాసులకు 850 దాకా. ఈ వయసు పిల్లలకు రోజంతటికీ కావాల్సింది 1,100–1,300. అంటే కడుపు దాదాపు ముప్పాతిక వంతు పాలతోనే నిండిపోతోంది. ఆకలి లేనివాడు అన్నం ముట్టడు. ముట్టట్లేదని మీరు ఫోన్ పెడుతున్నారు. బొమ్మలు చూస్తూ కడుపు నిండిన సంగతి గమనించకుండానే మింగేస్తున్నాడు. చందమామను చూపించి గోరుముద్దలు పెట్టలేదా అని పెద్దవాళ్లు అడుగుతారు. చందమామ మన మొహం కేసి చూడనిచ్చేవాడు. పిల్లవాడు తల తిప్పుకుంటే అమ్మకు తెలిసేది. ఫోన్ ముందు కూర్చున్నవాడు తల తిప్పడు.

ముందు పడుకునేటప్పటి పాలు మానిపించండి, పళ్లకూ మంచిది. మిగిలిన రెండు పూటలా టోన్డ్ పాలు, 150–200 మిల్లీలీటర్లు, సీసాలో కాకుండా గ్లాసులో. చక్కెర ఒక్కసారిగా తీసేస్తే గ్లాసు నేలకేసి కొడతాడు. నాలుగు రోజులకోసారి అర చెంచా చొప్పున తగ్గించండి, పొడి కూడా అలాగే. ఆ పొడి లేకపోతే బలం రాదేమోనని భయపడకండి. అలాంటి పొడులను ‘హెల్త్ డ్రింక్స్’ వరుసలో పెట్టి అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకం సైట్లకు చెప్పింది.

ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనేది మీ ఇష్టం. ఎంత తినాలనేది వాడి ఇష్టం. చిన్న గిన్నెలో రెండు మూడు ముద్దలకు సరిపడా అన్నం, పప్పు, కూర పెట్టి, అడిగితే మళ్లీ వడ్డించండి. ఇరవై ఐదు నిమిషాలకు తినకపోయినా కంచం తీసేయండి. తిట్టొద్దు, ‘ఇంకొక్క ముద్ద’ అని బతిమాలొద్దు. మూడు భోజనాలు, మధ్యలో రెండుసార్లు పండో, ఉడికించిన శనగలో. ఆ నడుమ మంచినీళ్లే. కొత్త కూర ఒకసారి ఉమ్మేశాడని వదిలేయకండి. పది పన్నెండుసార్లు కంచంలో కనబడ్డాక గానీ చాలామంది పిల్లలు దాని జోలికి పోరు.

ఇది చెడేది సాధారణంగా రెండో రోజే. మధ్యాహ్నం తినలేదని మూడింటికి మనసాగక ఉస్మానియా బిస్కెట్లు రెండు చాయ్‌లో ముంచి పెట్టేస్తారు. అన్నం వద్దంటే బిస్కెట్ వస్తుందని వాడికి అర్థమైపోతుంది. అందుకే అత్తమ్మ గారిని తప్పు పట్టకుండా, మొదటి వారం ఏం చేయాలో ఆవిడతోనే కూర్చుని అనుకోండి. ఇంట్లో ఒకే మాట ఉండాలి.

స్క్రీన్ రోజుకు గంట మించకుండా, నిద్ర 10–13 గంటలు, అటూ ఇటూ తిరగడం, ఆట కలిపి మూడు గంటలు. అందులో ఒక గంట పరుగులే ఉండాలి. పార్కు దూరమైతే సాయంత్రం డాబా మీద బంతి చాలు, మీరు పక్కనే ఉండండి.

ప్రశ్న: నాచారంలో ప్లే స్కూల్ నడుపుతున్నాం. పిల్లల బరువు, తిండి అలవాట్ల గురించి తల్లిదండ్రులకు తరగతులు పెడితే ఉపయోగం ఉంటుందా?

జవాబు: ఉంటుంది, కానీ అతిగా ఆశించకండి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 279 మంది తొలిచూలు తల్లుల్లో సగం మందికి నర్సులు ఇళ్లకు వెళ్లి, బిడ్డ ఆకలి గుర్తులు, నిద్ర, ఊరడించే తీరు నేర్పారు. మూడేళ్లకు ఆ పిల్లల బరువు, మిగతా సగం మంది పిల్లలతో పోలిస్తే, ఎత్తుకు తగ్గట్టుగా కొంత మెరుగ్గా ఉంది. మరోవైపు ఇలాంటి చాలా అధ్యయనాల్లోని 9 వేలకు పైగా పిల్లల వివరాలు కలిపి చూసి, రెండేళ్ల వయసుకు తేడా ఏమీ లేదని 2025లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పరిశోధకులు రాశారు. ఉపన్యాసం ఒక్కటే సరిపోదు. బడి గేటు పక్క పది రూపాయల ప్యాకెట్లు వేలాడుతుంటే తల్లి ఒక్కతే ఏం చేస్తుంది?

ఎనిమిది పది కుటుంబాలు, ఆరు వారాలు, వారానికో గంట. అమ్మమ్మ, నానమ్మ, తాతలను తప్పకుండా పిలవండి. వారానికి ఒక్క అలవాటే తీసుకోండి: పాలు, టైము, ఫోన్, చిరుతిండి, నిద్ర, ఆట. చెప్పడం పావుగంట, మిగతాది వాళ్లు మాట్లాడుకోవడం. వారం మధ్యలో ఒక ఫోన్ చేసి ‘ఎక్కడ ఆగింది?’ అని అడగండి. ఎత్తు, బరువు మొదట్లో ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి చూడండి. చెప్పులు విప్పించి, మడమలు, వీపు, తల గోడకు ఆనించి కొలవాలి. బరువు అందరి ముందూ చదివారా, మరుసటి వారం ఆ తల్లి రాదు. బడిలో పుట్టినరోజు చాక్లెట్లు పంచడం కూడా ముందే ఆపండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాలు ఉచితంగా దొరుకుతాయి, దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: ఐదేళ్ల పాప. లావుగా ఉంటుంది. మెడ వెనక నల్లగా ఉంది, ఎంత రుద్దినా పోవట్లేదు.

జవాబు: రుద్దడం ఆపండి, అది మురికి కాకపోవచ్చు. అక్కడ చర్మం మందంగా, మెత్తటి ముఖమల్‌లా ఉంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదన్న గుర్తు కావచ్చు. ఈ వారమే పిల్లల డాక్టర్‌కు చూపించండి. నిద్రలో గురక ఉంటే అదీ చెప్పండి. ఎక్కువ తిని లావెక్కే పిల్లలు ఎత్తు కూడా బాగానే ఉంటారు. పాప ఈడు పిల్లల కంటే పొట్టిగా ఉంటే థైరాయిడ్ వంటి హార్మోన్ల పరీక్ష చేయించాల్సి వస్తుంది.