టెక్ సందేహాలు: ముందు చక్రాలకే ఆ నల్ల పొడి ఎందుకు పడుతుంది?

ప్రశ్న: నాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, కొని రెండేళ్లయింది. రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ వెళ్లొస్తా. ఆదివారం కడిగితే బుధవారానికల్లా ముందు అల్లాయ్స్ రెండూ నల్లగా అయిపోతున్నాయి, వెనకవి మాత్రం బానే ఉంటున్నాయి. బ్రేకులు పట్టేస్తున్నట్టున్నాయి, ప్యాడ్లు మార్పించెయ్ అంటున్నాడు పక్కింటాయన. మార్చాలా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. ముందు చక్రాలు రెండిటికీ నల్ల పొడి ఒకేలా పడుతోందంటే అది చాలావరకు మామూలు సంగతే, బ్రేకులు పనిచేస్తున్నాయి కాబట్టే ఆ పొడి వస్తోంది.

బస్సులో డ్రైవర్ సడన్‌గా బ్రేక్ వేస్తే నిలబడ్డోళ్లంతా ముందుకి తూలుతారు కదా, కారు బరువు కూడా అలాగే ముందు టైర్ల మీదకి వచ్చేస్తుంది. అసలే మన హ్యాచ్‌బ్యాకుల్లో ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ ముందే ఉంటాయి. ఆ టైంలో వెనక టైర్లు తేలికైపోతాయి, వాటికీ అంతే బ్రేక్ ఇస్తే అవి లాకై కారు వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది. అందుకే కంపెనీవాళ్లు పెద్ద బ్రేకులు ముందు పెట్టి ఎక్కువ పని వాటితోనే చేయిస్తారు, మామూలు బ్రేకింగ్‌లో కూడా సగానికి పైగా ముందువాటిదే, గట్టిగా నొక్కితే ఇంకా ఎక్కువ.

ఇంకో కారణం ఉంది, చాలామంది దీన్ని గమనించరు. మన దగ్గర ఎక్కువ హ్యాచ్‌బ్యాకులకి ముందు డిస్క్ బ్రేకులు (చక్రంతో పాటు తిరిగే పళ్లాన్ని ప్యాడ్లు రెండు వైపులా నొక్కి ఆపుతాయి), వెనక డ్రమ్ బ్రేకులు (తిరిగే డబ్బా లోపలి గోడకి బ్రేక్ షూస్ ఒత్తుకుని ఆపుతాయి) ఉంటాయి. వెనక కూడా పొడి పుడుతుంది, కానీ డ్రమ్ము మూసి ఉంటుంది కాబట్టి లోపలే ఉండిపోతుంది. సర్వీసులో మెకానిక్ వెనక డ్రమ్ము విప్పేటప్పుడు ఒకసారి పక్కన నిలబడి చూడండి, బ్రేక్ షూస్ చుట్టూ ఎంత నల్ల పొడి ఉంటుందో. డిస్క్ అలా కాదు, బయటికి తెరిచి ఉంటుంది, తిరిగే చక్రం గాలికి పొడి అంతా లేచి నేరుగా అల్లాయ్ లోపలి నుంచి బయటి దాకా పరుచుకుంటుంది.

ఆ పొడి ప్యాడ్ ఒక్కదానిదే కాదండీ. డిస్క్ పోత ఇనుముతో చేస్తారు, ప్యాడ్‌లో రెసిన్, గ్రాఫైట్, లోహపు పీచులు లాంటివి కలిసి ఉంటాయి, రెండూ ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. వేడిగా ఎగిరిన ఇనుప రేణువులు అల్లాయ్ మీది క్లియర్ కోట్‌కి, అంటే పైన వేసే పారదర్శక పూతకి గట్టిగా అతుక్కుంటాయి, తడి తగిలితే తుప్పు పడతాయి. వానాకాలంలో తెల్ల అల్లాయ్స్ మీద కనిపించే నారింజ చుక్కలు చాలావరకు ఇవే, అల్లాయ్ తుప్పు పట్టిందని కంగారుపడకండి.

మీ రూట్‌లో ట్రాఫిక్ సంగతి తెలిసిందే, ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం. కాకపోతే ఎన్నిసార్లు ఆపామన్నదొక్కటే లెక్క కాదు, ఎంత స్పీడ్ నుంచి ఆపామన్నది కూడా ముఖ్యం, 60లో వెళ్తూ ఆపితే బ్రేకులు మింగాల్సిన శక్తి 30లో ఆపినదానికి నాలుగు రెట్లు. సిగ్నల్ దూరం నుంచే కనిపిస్తుంటే యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి గేర్‌లోనే నెమ్మదించండి, పొడీ తగ్గుతుంది, ప్యాడ్లూ ఎక్కువ కాలం వస్తాయి.

మరి ఎప్పుడు అనుమానపడాలి? ముందు చక్రాన్ని వెనక దాంతో కాదు, ఎడమ చక్రాన్ని కుడి దాంతో పోల్చి చూడండి. ఒక పక్కే బాగా నల్లబడుతుంటే క్యాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) పిన్నులు గానీ, పిస్టన్ గానీ జామ్ అయి ప్యాడ్ డిస్క్‌కి రాసుకుంటూ ఉండొచ్చు. కొంచెం దూరం నడిపి ఆపాక ఆ చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి (ముట్టుకోవద్దు, కాలుతుంది), రెండో పక్క కంటే వేడి బాగా ఎక్కువగా తగులుతోందా, మాడిన వాసన వస్తోందా, మైలేజ్ పడిపోయిందా, బండి ఒక వైపుకి లాగుతోందా? వీటిలో ఏది ఉన్నా గ్యారేజ్‌కి తీసుకెళ్లాల్సిందే. ఒక పక్క ఎప్పుడూ మరీ శుభ్రంగా ఉన్నా నాకు అంతే అనుమానం, ఎందుకంటే ఆ పక్క బ్రేక్ సరిగా పట్టకపోయి ఉండొచ్చు, మొత్తం భారం రెండోదే మోస్తుండొచ్చు. కీచుమని సౌండ్ వస్తుంటే ప్యాడ్ మందం చూపించుకోండి, 3 మిల్లీమీటర్ల దాకా వచ్చిందంటే మార్చెయ్యండి, అదీ రెండు పక్కలా కలిపి.

కడగడం గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. పంక్చర్ షాపులో ఎయిర్ గన్‌తో ఆ పొడిని ఊదించొద్దు, అంత సన్నటి పొడి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మీకే కాదు ఆ పని చేసే పిల్లాడికి కూడా. చక్రం చల్లారాక నీళ్లతో తడిపి, కార్ షాంపూ, మెత్తటి బ్రష్‌తో కడగండి, ఆ బ్రష్‌ని బాడీకి వాడొద్దు, గీతలు పడతాయి. మొండి మచ్చలకి ఐరన్ రిమూవర్ దొరుకుతుంది, కొడితే ఇనుముతో కలిసి ఊదా రంగులోకి మారి కారుతుంది, ఆరిపోకముందే కడిగెయ్యాలి. యాసిడ్ జోలికి వెళ్లొద్దు. పాలిష్ గానీ నూనె స్ప్రే గానీ డిస్క్ మీద పడకూడదు, పడితే బ్రేక్ పట్టదు, ప్రాణాలతో పని.

ప్రశ్న: సిరామిక్ ప్యాడ్లు వేయిస్తే పొడి రాదా?

జవాబు: వస్తుంది, కానీ తక్కువ, రంగు కూడా లేతగా ఉండి అంతగా కనిపించదు. రేటు ఎక్కువ. మీ మోడల్‌కి సరిపోయేది, నమ్మకమైన షాపులో బిల్లుతో కొనండి. ఒక్క పొడి కోసమే అయితే బాగున్న ప్యాడ్లు తీసి పారెయ్యక్కర్లేదు, అరిగాక ఆలోచించండి.

ప్రశ్న: నా ఈవీకి చక్రాలు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటున్నాయి, బ్రేకులు పనిచేస్తున్నట్టేనా?

జవాబు: నాలుగూ ఒకేలా ఉంటే భయం లేదు. మీరు కాలు తీయగానే మోటారే జనరేటర్‌లా మారి బండిని నెమ్మదింపజేస్తుంది (దీన్నే రీజెన్ అంటారు), ప్యాడ్లకి పెద్దగా పని పడదు. యూరప్‌లో యూరో 7 అనే వాహన కాలుష్య రూల్స్ మొదటిసారి బ్రేక్ పొడికి కూడా లిమిట్ పెట్టాయి, 2026 నవంబర్ నుంచి వచ్చే కొత్త మోడల్ కార్లలో ఎక్కువ వాటికి కిలోమీటర్‌కి 7 మిల్లీగ్రాములు, పూర్తి ఎలక్ట్రిక్ వాటికైతే 3 మాత్రమే, దాన్నిబట్టే తేడా అర్థమవుతుంది. అయితే వాడకం తగ్గితే డిస్కులు తుప్పు పడతాయి, పిన్నులు బిగుసుకుంటాయి. అందుకని వారానికోసారి, వెనక ఎవరూ లేని ఖాళీ రోడ్డు చూసుకుని, రీజెన్ తగ్గించి నాలుగైదు సార్లు కాస్త గట్టిగా బ్రేక్ వెయ్యండి, సర్వీసులో క్యాలిపర్ పిన్నులకి గ్రీజు పెట్టమని అడగండి.